చింతపల్లి రికార్డులో తూటాల లెక్క

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి పట్టుకెళ్ళిన సామాను ఇది: 11 తుపాకులు, 14 బాయినెట్లు, 5 కత్తులు, 1390 తూటాలు. ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషన్ రికార్డు పుస్తకంలో రాసి, కింద రాజు సంతకం పెట్టాడు. మర్నాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు, కొంత మందుగుండు. ఆ మర్నాడు, 24న, రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు, ఒక బాయినెట్. మూడు రోజులు, మూడు స్టేషన్లు, 26 తుపాకులు.

ఈ 26 అనే అంకె మనకి ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. స్కూలు పాఠంలోనో, జులై 4న ఏదో పేపర్లోనో. తూటాల అంకె మాత్రం ఎవరికీ గుర్తుండదు. పాటల్లో తుపాకీ ఉంటుంది, విగ్రహాల్లో విల్లంబులు ఉంటాయి, తూటా ఎక్కడా కనిపించదు. రాజమౌళి ‘ఆర్ఆర్ఆర్’ చూడండి. అందులో కథంతా తుపాకుల చుట్టూనే తిరుగుతుంది, ఊళ్ళో ప్రతి చేతికీ ఒక తుపాకీ అందాలన్నదే రామరాజు పాత్ర లక్ష్యం. తుపాకులు అందుతాయి కూడా. వాటిలోకి వేసే తూటాలు వచ్చే ఏడాది ఎక్కడినుంచి వస్తాయని సినిమా అడగదు. అన్యాయంగా మాట్లాడకూడదు, అదే సినిమాలో గవర్నరు స్కాట్ దొర ఒక్క తూటా ఖరీదు గురించి లెక్చరు ఇస్తాడు. ఇంగ్లండులో తయారై ఓడెక్కి వచ్చిన తూటాని ఒక నేటివు మీద వృథా చెయ్యొద్దంటాడు. సీను బాగా పండింది కానీ అక్కడ చరిత్ర కాస్త జారింది. పుణె పక్కన కిర్కీలో తూటాల ఫ్యాక్టరీ 1869లోనే మొదలైంది, కలకత్తా పక్కన డమ్ డమ్‌లో ఇంకా ముందునుంచే ఉంది. స్కాట్ దొర చేతిలో ఉన్న తూటా ఏ కిర్కీదో అయివుండాలి, దాన్ని తయారుచేసిన చేతులు మనవాళ్ళవే అయివుండాలి. ఆ మాటకొస్తే డమ్ డమ్ పేరు ప్రపంచానికి తెలిసిందే తూటా వల్ల. ఒంట్లో దిగాక విచ్చుకుపోయే మెత్తమూతి తూటాని 1890ల్లో అక్కడ తయారుచేశారు. అది ఎంత ఘోరంగా పనిచేసిందంటే 1899లో హేగ్‌లో కూర్చుని చాలా దేశాలు అలాంటివి యుద్ధంలో వాడకూడదని ఒప్పందం రాసుకున్నాయి.

సరే, తూటా సంగతి ఇంత పట్టుకుని ఎందుకు లాగుతున్నానంటే, మన్యంలో జరిగిన పోరాటాన్ని తుపాకుల లెక్కలో చదివితే ఒకలా, తూటాల లెక్కలో చదివితే ఇంకోలా కనిపిస్తుంది. రెండోది నాకు ఎక్కువ నిజంగా అనిపిస్తుంది.

ముందు వస్తువు గురించి చూద్దాం. ఏజెన్సీలో ఇప్పటికీ అక్కడక్కడా దొరికే నాటు తుపాకీ ఉంది కదా, దాని గుణం ఏమిటంటే అది ఏది పెట్టినా తింటుంది. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరితే మందు. గొట్టంలో మందు పోసి, గుడ్డపేలిక కూరి, ముందునుంచి సీసపు గుండు వేసి, ఊచతో దట్టిస్తే అయిపోయింది. సీసం లేకపోతే ఇనప ముక్కలు, సైకిలు బాల్స్. గొట్టం కొలతకి గుండు కాస్త అటూ ఇటూ అయినా గుడ్డ సర్దుకుంటుంది. గురి తప్పొచ్చు, చెయ్యీ పేలొచ్చు, వాన పడితే అసలు పేలకపోవచ్చు. కానీ దాని తిండి అడవిలోనూ సంతలోనూ దొరుకుతుంది. చేసుకునేవాడికి పై ఊరివాడి అనుమతి అక్కర్లేదు.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వచ్చిన తూటా తుపాకీ అలా కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున చిన్న క్యాప్, లోపల మందు, మూతికి గుండు, అన్నీ కలిసి ఒకే వస్తువు. తుపాకీ వెనకనుంచి ఎక్కించాలి. గొట్టం వెనక తూటా కూర్చునే గదికీ తూటాకీ కొలత అచ్చంగా కుదరాలి. వెంట్రుకవాసి లావైతే లోపలికి పోదు, సన్నమైతే వెనక్కి పేలుతుంది లేదా అసలు పేలదు. గొట్టం లోపలి వెడల్పుకి బోర్ అని పేరు. .450 అంటే అంగుళంలో వెయ్యికి నాలుగు వందల యాభై వంతులు. ఎంత మంచి తుపాకీ అయినా దాని తూటా దొరకనప్పుడు దుడ్డుకర్రే. పైగా ఈ తూటాని ఊరి కమ్మరి చెయ్యలేడు. ఇత్తడి రేకుని నొక్కి గొట్టం తియ్యడానికి యంత్రాలు కావాలి, క్యాప్‌లో పెట్టే రసాయనం కావాలి. నాలాంటి సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. ప్రింటరు చవగ్గా ఇచ్చి ఇంకు కార్ట్రిడ్జి తన దగ్గరే కొనాలనే కంపెనీ వ్యవహారం ఇది. కార్ట్రిడ్జి అనే మాట రెండింటికీ ఒకటే కావడం కాకతాళీయం కాదు కూడా.

ఇంగ్లీషువాళ్ళకి ఈ కిటుకు 1857 నేర్పింది. ఆ ఏడాది జనవరిలో డమ్ డమ్‌లో మొదలైన గొడవే తూటా గురించి అన్నది అందరికీ తెలిసిందే. కొవ్వు పూసిన కాయితపు తూటాని పళ్ళతో చించమన్నారు. తిరుగుబాటు అణిచాక తుపాకీ విషయంలో వాళ్ళు చేసిన మొదటి పని నాకు చాలా ఆసక్తిగా ఉంటుంది. సిపాయిలకిచ్చే ఎన్‌ఫీల్డ్ తుపాకీ గొట్టంలో గుండుని తిప్పే మరలు లేకుండా చేశారు. బయటికి అదే తుపాకీలా కనిపిస్తుంది, లోపల గొట్టం నున్నగా ఉంటుంది. దూరం నుంచి గురి కుదరదు. తెల్ల సైనికుడి చేతిలో ఉన్నదానికీ నల్ల సిపాయి చేతిలో ఉన్నదానికీ ఎప్పుడూ ఒక తరం తేడా ఉండాలన్నది ఆ తర్వాత చాలాకాలం నడిచిన రివాజు. తెల్లవాళ్ళకి మార్టిని-హెన్రీ వచ్చినప్పుడు మనవాళ్ళకి స్నైడరు, వాళ్ళకి .303 వచ్చినప్పుడు మనవాళ్ళకి మార్టిని. పోలీసులకి ఇంకా కింద. ఇషాపూర్ కర్మాగారంలో పాత .303 రైఫిళ్ళని .410 బోర్ నున్న గొట్టాలుగా మార్చి, ఒకసారికి ఒకే తూటా పట్టేలా చేసి పోలీసులకీ కాపలావాళ్ళకీ ఇచ్చారు. దాని తూటా .303 ఇత్తడి గొట్టం నుంచే పుట్టింది, మెడ దగ్గర సన్నబరచకుండా తిన్నగా వదిలేశారు, అంతే. పోలీసు తూటా సైనిక రైఫిల్లోకి పోదు. సైనిక తూటా పోలీసు తుపాకీకి పనికిరాదు. ఒకవేళ పోలీసే ఎదురు తిరిగినా, పోలీసు తుపాకీ ఇంకెవరి చేతిలోనో పడినా, నష్టం కొలత ప్రకారం ఉంటుంది.

ఇందాక చెప్పిన మార్టిని-హెన్రీ మీటతో పనిచేసే తుపాకీ. మీట చెక్కకింద ఉంటుంది, దాన్ని కిందికి దించితే వెనక గది తెరుచుకుంటుంది, తూటా పెట్టి మీట పైకి తెస్తే మూసుకుంటుంది. 1871లో సైన్యంలోకి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి పాతబడి, సరిహద్దు కొండల్లోకీ, ప్రభుత్వానికి ఇష్టంలేని ఇంకా చాలా చోట్లకీ చేరిపోయింది. దాని గుండు .450. సరిగ్గా ఆ కాలంలోనే ఏనుగుల్నీ అడవిదున్నల్నీ కొట్టే దొరల వేట రైఫిళ్ళు కూడా .450 బోర్‌లో వచ్చేవి. వేటగాడి తూటాలోంచి గుండు పీకి మార్టినికి వాడుకుంటారేమోనని భయం పట్టుకుని, ప్రభుత్వం ఇండియాలోకి .450 వేట రైఫిళ్ళనీ తూటాలనీ దిగుమతి చెయ్యకూడదని నిషేధం పెట్టింది. లండన్ తుపాకుల కంపెనీలు గగ్గోలు పెట్టాయి, ఇండియా వాళ్ళకి పెద్ద మార్కెట్టు మరి. తర్వాత ఏం చేశాయంటే కొలత మార్చాయి. .465, .470, .475, .476 అని వరసగా కొత్త తూటాలు పుట్టుకొచ్చాయి. హాలండ్ అండ్ హాలండ్ వాళ్ళది 1907లో వచ్చింది. ఏనుగుకి .450 గుండైనా .470 గుండైనా ఒకటే. ఇవాళ ఆఫ్రికాలో వేటకెళ్ళే కోటీశ్వరులు గొప్పగా చెప్పుకునే .470 బోర్ పుట్టుకలో జంతువు పాత్ర పెద్దగా లేదు, ఇండియాలో ఎవరైనా తిరగబడతారేమోనన్న బెంగ ఉంది. సైన్యానికిచ్చే .303ని సామాన్యుడి చేతికి దక్కనివ్వకపోవడం కూడా ఈ లెక్కలోదే.

ఈ కట్టడి లోపల వేటగాళ్ళు తమ తూటా ఎంచుకునేవాళ్ళు. దీనికి మన వైపు అందరికీ తెలిసిన ఉదాహరణ కెన్నెత్ ఆండర్సన్. బెంగుళూరు మనిషి, అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు అడవులూ, నల్లమల దిగువమెట్టా ఆయన కథల్లో చాలాసార్లు వస్తాయి. ఆయన చేతిలో ఉండేది వించెస్టర్ 1895 మోడల్, .405 బోర్. అది కూడా మీట తుపాకీయే, అయితే మార్టినిలా ఒక్కో తూటా పెట్టుకునే పని లేదు. మీట ఒకసారి దించి ఎత్తితే ఖాళీ గొట్టం బయటపడి కొత్త తూటా లోపలికొస్తుంది. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా పోయి సింహాల్ని కొట్టింది ఇలాంటి దానితోనే.

మామూలు మీట రైఫిళ్ళలో ఒక చిక్కుంది. తూటాలు గొట్టం కిందనుండే ఇంకో సన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా కూర్చుంటాయి. ముందుదాని అడుగు క్యాప్‌కి వెనకదాని మూతి ఆనుకుని ఉంటుంది. ఆ మూతి సూదిగా ఉంటే పేల్చినప్పుడు వచ్చే ఎదురుదెబ్బకి క్యాప్‌ని పొడిచి లోపలే పేల్చేస్తుంది. అందుకే అలాంటి వాటికి బల్లపరుపు మూతి గుండ్లే వాడాలి. అవి గాలిని చీల్చుకుని పోలేవు, దూరం పోయేకొద్దీ వేగం పడిపోతుంది. 1895 మోడల్ చేసిన జాన్ బ్రౌనింగ్ ఆ గొట్టం తీసేసి, అడుగున పెట్టె పెట్టి, తూటాలు ఒకదానిమీద ఒకటి పేర్చేలా మార్చాడు. దాంతో సూదిమూతి సైనిక తూటాలు కూడా వేసుకోవడం కుదిరింది. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా తన సైన్యం తూటాకి సరిపోయేలా ఈ మోడల్నే దాదాపు మూడు లక్షలు చేయించుకుంది. ఇదే రైఫిలు .303లోనూ వచ్చేది. బజార్లో అన్నిటికన్నా విరివిగా ఉండాల్సిన తూటా .303. ఇండియాలో వేటగాడికి ఆ దారి మూసేశారు. మిగిలినవాటిలో .405 పెద్ద గుండు, 300 గ్రెయిన్ల బరువు, దగ్గర్నుంచి పులిని ఆపగలదు. ఇక్కడి పొదల్లో పులి కనిపించేది ఎలాగూ ముప్ఫై, నలభై గజాల్లోనే కాబట్టి దూరం సంగతి బాధించదు. ఆ తూటాకి ఎంతగా రోజులు చెల్లాయో గానీ, కంపెనీ 1930ల్లోనే ఆ రైఫిల్ని చెయ్యడం మానేసింది. తర్వాత ఆండర్సన్ లాంటివాళ్ళ అలమరలో ఒక్కో తూటా ఒక్కో ఆస్తి.

ఇదంతా లైసెన్సు దొరికే మనుషుల సంగతి. గోదావరి దాటి పైకి, రంప కొండల్లోకి వెళ్తే లెక్క మారిపోతుంది.

లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్లకి అక్కర్లేదు. ఈ వివక్ష గురించి కాంగ్రెసు వాళ్ళు ఏళ్ళ తరబడి తీర్మానాలు చేశారు, అందరికీ తెలుసు. ఆ చట్టంలో అంతగా ఎవరూ ఎత్తిచూపని ముక్క ఒకటుంది. అవసరమైన చోట సీసం, గంధకం, సూరేకారం కూడా చట్టం కిందికి తెచ్చుకునే అధికారం ప్రభుత్వం అందులో రాసిపెట్టుకుంది. అంటే నాటు తుపాకీ తిండి. రాసినవాడెవడో గానీ, ఏది పెట్టినా తినే తుపాకీని ఎలా మాడ్చాలో బాగా తెలిసినవాడు. అదే రాజ్యం కొడగు వాళ్ళని నమ్మకస్తులని తుపాకీ లైసెన్సు నుంచి మినహాయించింది, ఆ మినహాయింపు ఇవాళ్టికీ నడుస్తోంది. రంప కొండరెడ్డికి ఆ అదృష్టం లేదు. పంటమీద పడే అడవిపందిని కొట్టడానికి కూడా అతని తుపాకీ దొంగ తుపాకీయే.

చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 1879 మార్చిలో, రంపలో ఫితూరీ లేచింది. కారణాలు వేరు: మన్సబ్దారు దోపిడీ, కల్లుమీద పన్ను, ముఠాదార్ల భూములు, పోలీసుల జులుం. చేతుల్లో ఉన్నవి ఎక్కువగా మందు కూరి పేల్చేవే. అయినా దాన్ని అణచడానికి మద్రాసు సైన్యానికి ఏడాదికి పైగా పట్టింది. జ్వరాల కొండ, దారుల్లేని అడవి, సొంతంగా నూరుకునే మందు, మూడూ కొండవాడి పక్షాన ఉన్నాయి.

నలభై మూడేళ్ళ తర్వాత రాజు వచ్చేసరికి కొండల్లో చాలా మారింది. అడవి చట్టాలు పోడుని నేరం చేశాయి. గూడెం తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కొండవాళ్ళని కూలి ఎగ్గొట్టి ఈడ్చేవాడు. ఫితూరీ దీనిమీదే రాజుకుంది. ఎదురుగా నిలబడే పోలీసు చేతిలో ఇప్పుడు తూటా తుపాకీ ఉంది. మందు కూరే తుపాకీతో ఒకటి పేల్చి మళ్ళీ దట్టించుకునే లోపల అతను అరడజను పేల్చగలడు. అందుకే చింతపల్లి. అంతకుముందు ఊళ్ళలోని నాటు తుపాకులు పోగుచేసుకుంటూ పోకుండా, రాజు నేరుగా స్టేషన్ మీద పడ్డాడు. తుపాకీ ఒక్కటే తెచ్చుకుంటే చాలదు, దానితో పాటే దాని తూటా పెట్టె కూడా కావాలి. ఆ తూటాకి ఉన్న దుకాణం ఒక్కటే, పోలీసు స్టేషన్. తూటాని ఎవరికీ దొరక్కుండా చెయ్యాలని అరవై ఏళ్ళుగా కట్టుకున్న ఏర్పాటులో ఉన్న కన్నం ఇది. మొత్తం సరుకు ఒకే గదిలో పెట్టి, దానికి నలుగురు కానిస్టేబుళ్ళని కాపలా ఉంచారు. రాజు ఆ గది తాళం తీశాడు. రిజిస్టర్లో 11 పక్కనే 1390 రాయడంలో నాకు కనిపించేది ఈ జ్ఞానమే. ధైర్యం ఎలాగూ ఉంది.

ఇప్పుడు లెక్క. చింతపల్లి, రాజవొమ్మంగి కలిపి 2215. కృష్ణదేవిపేట సరుకు కలిపితే ఇంకొంచెం. మొత్తం 26 తుపాకులకి పంచితే ఒక్కోదానికి ఎనభై అయిదు, మహా అయితే వంద. గురి నేర్పడానికి అందులోంచే ఖర్చు. వానాకాలపు కొండల్లో ఇత్తడి చెమ్మెక్కకుండా కాపాడుకోవడం వేరే తలనొప్పి. ఈ సరుకుతో యుద్ధం ఎన్నాళ్ళు చెయ్యాలో తెలీదు.

ఇలా చూస్తే 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగినది ఇంకోలా చదువుకోవచ్చు. గాలింపుకొచ్చిన దండులో ముందు నడుస్తున్న భారతీయుల్ని పోనిచ్చి, వెనకొస్తున్న కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని మాత్రమే కాల్చారు. మిగతా దండు చెల్లాచెదురైంది. దీన్ని మనం రాజు మనసుకి గుర్తుగా చెప్పుకుంటాం, సాటి దేశస్థుడి మీద తుపాకీ ఎత్తడని. అది నిజమే అని నేనూ అనుకుంటాను. కానీ అదే పని తూటాల లెక్కలోనూ అంతే తెలివైనది. దండుని దండులా చేసేది ఇద్దరు. వాళ్ళ మీద నాలుగు తూటాలు ఖర్చుపెడితే మిగతా వందమంది మీద ఖర్చు మిగులుతుంది. ధర్మం, పొదుపు ఒకే చోట కలిసిన సందర్భం. ఒకటి చెప్పి రెండోది మర్చిపోతే రాజు యుద్ధం చేసిన మనిషిగా కాక పటంలో దేవుడిగా మిగిలిపోతాడు. ఆ పని మనవాళ్ళు ఎలాగూ బాగానే చేశారు.

ప్రభుత్వం కూడా లెక్క నేర్చుకుంది. అక్టోబరు 15న రాజు అడ్డతీగల స్టేషన్ మీదికి ముందే కబురుపెట్టి మరీ వచ్చాడు. మిరపకాయ టపా కథ అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ అడ్డతీగలలో ఆయుధాలు దొరక్కుండా ముందే దాచేశారు. రాజు అక్కడే తాపీగా ఉండి, పోలీసులకి ఒక జాబు రాసిపెట్టి వెళ్ళాడు. నాలుగు రోజుల తర్వాత, 19న, పట్టపగలు రంపచోడవరం స్టేషన్. అక్కడా సరుకు ముందే తరలిపోయింది. కబురు పెట్టకపోయినా ఆగస్టు అనుభవం తర్వాత తరలించి ఉండేవాళ్ళే, కాబట్టి టపాని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ రెండు రోజులూ స్టేషన్ వదిలి సర్కారు పక్కకి తప్పుకుంది, జనం ఆ సంగతి కళ్ళారా చూశారు. అది పెద్ద గెలుపే. తూటాల ఖాతాలో మాత్రం రెండు రోజులూ సున్నా. దుకాణం మూసేశారు. మన పాఠ్యపుస్తకాలు ఈ అయిదు దాడుల్నీ ఒకే వరసలో, ఒకే ఊపులో చెప్తాయి. మొదటి మూడింటికీ తర్వాతి రెండింటికీ మధ్య యుద్ధం గతి తిరిగిపోయిందన్నది ఆ ఊపులో కొట్టుకుపోతుంది.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలల్లో ఎదురుబొదురు పోరాటం. ప్రభుత్వ సేన లూయిస్ గన్ తెచ్చింది. తెలుగు పుస్తకాల్లో దీన్ని ‘లూయీ ఫిరంగి’ అని రాస్తారు, చదివినవాళ్ళు చక్రాలమీద లాగే ఫిరంగిని ఊహించుకుంటారు. అది ఒక మనిషి మోయగల మెషిన్ గన్. పైన పళ్ళెంలాంటి డబ్బా తిరుగుతూ ఉంటుంది, ఒక పళ్ళేనికి 47 తూటాలు, నిమిషానికి అయిదొందలకి పైగా పేల్చగలదు. దానికి వేసేది .303. చింతపల్లి, రాజవొమ్మంగి కలిపి రాజుకి దొరికిన మొత్తం సరుకు, పళ్ళేలు మార్చే టైము తీసేస్తే, ఈ గన్ను నాలుగున్నర నిమిషాల్లో ఊదెయ్యగలదు. కిర్కీ నుంచి పెట్టెలు వస్తూనే ఉంటాయి కాబట్టి దాని చేతివాటానికి అడ్డులేదు. ఆ రోజు వరిచేలల్లో నలుగురు, ఆ రాత్రి ఇంకో చోట ఎనిమిదిమంది పోయారు. కొన్ని తుపాకులు కూడా పోలీసుల చేతికి తిరిగిపోయాయి. మనుషులు పోయినదాని పక్కన తుపాకుల మాట ఎత్తడం కటువుగా ఉంటుందని తెలుసు. కానీ ఆ దళానికి పోయిన తుపాకీ స్థానంలో ఇంకోటి వచ్చే దారి అప్పటికే లేదు.

1923 ఏప్రిల్ 17న రాజు కొద్దిమందితో అన్నవరం వచ్చాడు. అడవి వదిలి, మద్రాసు-కలకత్తా రైలు దారి పక్కకి, కోస్తా ఊళ్ళోకి. కొండమీద సత్యనారాయణస్వామి గుడికెళ్ళాడు, జనం హారతులు పట్టారు, పత్రికా విలేఖరి కలిసి మాట్లాడాడు. ఆ రాకని సాధారణంగా దేవుడి దర్శనంగా, జనాభిమానానికి సాక్ష్యంగా రాస్తారు. ఆయన ఆ రోజు అన్నవరం పోలీసు స్టేషనుకి కూడా వెళ్ళాడు. అక్కడ ఆయుధాలేమీ దొరకలేదు. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా ఎనిమిది నెలలు. కొండమీంచి కోస్తా దాకా దిగివచ్చి, ఇంకా ఏ స్టేషన్‌లో అయినా పెట్టె మిగిలుందేమోనని చూసుకుంటున్న మనిషి నాకు ఆ ప్రయాణంలో కనిపిస్తాడు. హారతుల ఫొటో లేదు గానీ, ఉన్నా అందులో ఈ సంగతి కనిపించి ఉండేది కాదు.

ఆ తర్వాత ఏడాదిపాటు నడిచింది ఎక్కువగా దాక్కోవడం, తప్పించుకోవడం, ఊళ్ళమీద పోలీసుల దాష్టీకం, ఒక్కొక్కరు దొరికిపోవడం. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది, ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేకాధికారిగా వచ్చాడు. మే 7న మంపలో రాజు దొరికాడు. కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చారు. నెల తర్వాత గంటందొర. ఈ చివరి భాగం మీద ఎంతో రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు.

తూటాల మీద రాజ్యం పట్టు మాత్రం రాజ్యం మారినా సడలలేదు. 1959లో మనమే కొత్త ఆయుధాల చట్టం రాసుకున్నాం, తెల్లవాడికి మినహాయింపు పోయింది. బోర్ల పట్టిక ఉండిపోయింది. నిషిద్ధ బోర్, నిషిద్ధం కాని బోర్ అని రెండు రకాలు. .303 ఇప్పటికీ మొదటి రకంలోదే, మన సైన్యం దాన్ని వదిలేసి దశాబ్దాలైనా సరే. అందుకే ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారం పౌరుల కోసం చేసే రైఫిలు .315 బోర్‌లో వస్తుంది. దాని తూటా పాత ఆస్ట్రియా సైన్యానిది, ఇండియాలో ఏ సైన్యమూ ఏ పోలీసూ వాడనిది. ఏరికోరి సరిపోకుండా ఎంచుకున్న కొలత. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత దానితో వేటాడటానికీ లేదు. పొలాలున్నవాళ్ళూ, బ్యాంకుల ముందు నిలబడే సెక్యూరిటీ తాతలూ భుజాన వేసుకునేది ఎక్కువగా ఇలాంటివే. లైసెన్సు పుస్తకంలో తుపాకీ నంబరుతో పాటు, ఒకసారికి ఎన్ని తూటాలు దగ్గర పెట్టుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనొచ్చో రాసి ఉంటుంది. కొన్నప్పుడల్లా షాపువాడు తేదీ, సంఖ్య వేసి, సంతకం చేసి, ముద్ర గుద్దుతాడు.